వచ్చే ఏటికీ సరిపోయేలా

మంగళవారం సాయంత్రం స్తుతి బడి నుంచి వచ్చి, బ్యాగు వసారాలో పడేసి, అందులోంచి ఒక కాగితం తీసుకుని నేరుగా పిన్ని గడప దాటింది. కన్నతల్లి అక్కడే, మూడడుగుల దూరంలో, మిషను ముందు కూర్చుని ఉంది. ఆమెను దాటుకునే పోవాలి. పిల్ల ఆమె మోకాలికి తగలకుండా ఒళ్లు పక్కకు వంచి మరీ పోయింది.

“పిన్నీ, నన్ను నాటకంలో తీసుకునినారు! నేనే మెరుపుపిల్ల! ఊరి నీళ్లట్యాంకు కూలిపోతాంటే ఎగిరొచ్చి పట్టుకునేది నేనే. శనివారమే స్కూల్ డే. డ్రెస్సు నువ్వు కుట్టి ఇస్తావా?”

ప్రసన్నకుమారి పాదం పెడలు మీదే ఆగిపోయింది. సూది కింద సిద్దమ్మ కూతురి పట్టు జాకెట్టు ఉంది. చంక కుట్టు సగంలో ఉంది. సగంలో కుట్టు ఆపితే మళ్లీ మొదలుపెట్టిన చోట గుడ్డ ముడుచుకుంటుందని పది మందికి నేర్పిన మనిషి, ఆ రోజు సగంలోనే ఆపింది.

అది ఒకే ఇంటికి రెండు వాకిళ్లున్న ఇల్లు. ఒక వైపు పెద్దవాడు ఏసుకుమార్, అతని భార్య ప్రసన్న, ఒక్కతే కూతురు స్తుతి. రెండో వైపు చిన్నవాడు లేవి, అతని భార్య యామిని. మధ్యలో ఉమ్మడి వసారా. అత్త విశ్వాసమ్మ మంచం ఆ వసారాలోనే ఉంటుంది, ఎవరి పక్షమూ కాకుండా, అందరి మాటలూ వినబడేలా.

కల్లూరులో ఆ సందులో జాకెట్టంటే ప్రసన్నే. ఆది జాకెట్టు చేతికిచ్చినా ఊరుకోదు. మనిషిని పైనుంచి కిందికి ఒకసారి చూసి, “ఈ ఆది నీకిప్పుడు పట్టదు, అరంగుళం వదుల్తా” అంటుంది. అరంగుళమంటే అరంగుళమే. నందికొట్కూరు నుంచి ఆటోలు మారి వచ్చి మరీ ఆమె చేత కుట్టించుకుంటారు. యామిని సంగతి అది కాదు. మూడేళ్ల కిందట ఈ ఇంట్లో కాలు పెట్టినప్పుడు బాబిన్‌కు దారం చుట్టడం కూడా తెలియదు. కత్తెర పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పింది ప్రసన్న. ఇప్పుడా పిల్ల ఫోను గోడకానించి పెట్టుకుని, అందులో చూస్తూ కుడుతుంది. లేవి కొనిచ్చిన కొత్త మిషను మీద పదిరకాల కుట్లు వస్తాయి. వస్తే రానీ. కానీ కన్న కూతురు కూడా అటే పరిగెత్తాలా?

“అమ్మ శానా బాగా కుడ్తాది కదా పాపా, అమ్మనడగరాదూ?” అంది లోపల్నుంచి యామిని.

“వద్దు పిన్నీ. నువ్వే.”

మంచం మీద విశ్వాసమ్మ పళ్లు లేని నోటితో నవ్వింది. “పెరటి చెట్టు మందుకు రాదని ఊరికే అనలేదు పెద్దోళ్లు” అంది. ఆ మాటకు ప్రసన్న నొచ్చుకోలేదు. అత్త మాటలు పదేళ్లుగా వింటూనే ఉంది. అప్పుడే యామిని బయటికొచ్చి, ఏమనాలో తెలియక చిన్నగా నవ్వింది. అత్త తిట్టినందుకు కాదు గాని తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్నట్టు, ప్రసన్నకు ఆ నవ్వు దగ్గరే కడుపు మండింది.

యామిని పిల్లను వసారాలో నిలబెట్టి టేపు తీసింది. ఛాతీ, నడుము, తొడ, మోకాలు, పిక్క, చీలమండ, భుజం నుంచి మోచెయ్యి, మోచెయ్యి నుంచి మణికట్టు, ఆఖరికి మెడ చుట్టూ కూడా కొలిచింది. టేపు చల్లగా తగిలినప్పుడల్లా స్తుతి కిలకిలమంటూ మెలికలు తిరిగింది. ఒక్కో కొలతా యామిని పాత క్యాలెండరు కాగితం వెనక రాసుకుంటోంది.

ప్రసన్న ఓరకంట చూస్తూ లోపల్లోపల వెటకరించుకుంది. తొమ్మిదేళ్ల పిల్లకు పద్దెనిమిది కొలతలా? తనకైతే ఒక్క చూపు చాలు. కళ్లు మూసుకుని కోస్తుంది.

“అంతా కొలిచినావు, ముక్కు పొడుగు మరిచిపోయినావు చూడు” అంది పైకి.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అది నవ్వు కాదని ఆమెకొక్కదానికే తెలుసు.

ఆ రాత్రే లేవి కర్నూలు పాతబస్తీ నుంచి గుడ్డ తెచ్చిచ్చాడు. సాగే గుడ్డ. నిగనిగలాడే నీలం, మెడకు కట్టుకునే పై వస్త్రానికి ఎరుపు, గుండె మీద మెరుపు గుర్తుకు పసుపుపచ్చ. బుధవారం పది గంటలకు ఇంట్లో మగవాళ్లు, పిల్ల వెళ్లిపోయాక యామిని వసారాలో చాప పరిచి, దాని మీద నీలం గుడ్డ పరిచింది. ప్రసన్న గోడవార పట్టు జాకెట్టు ఇస్త్రీ చేసుకుంటోంది. గుడ్డ అంచు ఆమె కాలి దాకా వచ్చింది.

చేతులు ఊరుకోవు కదా. ప్రసన్న వంగి ఆ అంచు రెండు వేళ్లతో పట్టుకుని లాగి చూసింది. పన్నా వైపు, అంటే అడ్డంగా, లాగితే రబ్బరులా సాగింది. నిలువు వైపు లాగితే మొండికేసి కదలలేదు. అంటే సాగే వైపు ఒంటి చుట్టూ రావాలి, సాగని వైపు నిలువుగా పోవాలి. ఇది ఎవరూ నేర్పక్కర్లేదు, వేళ్లకే తెలుస్తుంది.

యామిని న్యూస్‌పేపరుతో చేసుకున్న నమూనాలు గుడ్డ మీద సర్దుతోంది. కాళ్లు, నడుము కలిసిన పెద్ద ముక్కను ఒకసారి నిలువుగా పెట్టింది, తీసింది. ఎగిరేటప్పుడు, వంగేటప్పుడు పొడుగునా సాగాలి కదా అనుకుందేమో, ఈసారి దాన్ని అడ్డంగా తిప్పి పెట్టింది. మిగతావి కూడా అట్లే సర్దింది. సుద్దముక్కతో చుట్టూ గీసింది.

ప్రసన్న చూసింది. చూడగానే తెలిసిపోయింది. ఆ డ్రెస్సు పొడుగునా ఎంతైనా సాగుతుంది గాని, పిల్ల తుంటి దగ్గర ఒక్క అంగుళం వెడల్పు కాదు. ఎక్కదు. ఎక్కినా దిగదు.

“గుడ్డ తిప్పుమే” అంటే చాలు. రెండు మాటలు. మాట గొంతు దాకా వచ్చింది కూడా.

యామిని కత్తెర తెరిచి పట్టుకుని, కోయబోయే ముందు తలెత్తి ఆమె వైపు చూసింది. ప్రసన్న ఇస్త్రీపెట్టె వేడి చూసుకుంటున్నట్టు తల వంచుకుని, తడి వేలితో దాన్ని తాకింది. చుయ్‌మంది. ఆ వెంటనే కత్తెర గుడ్డలోకి దిగిన చప్పుడు వినబడింది.

ఆ రోజంతా ప్రసన్న చాలా పని చేసింది. పట్టు జాకెట్టు పూర్తి చేసి, హుక్కులు కుట్టి, ఇంకో రెండు జాకెట్లు కోసి పెట్టింది. మధ్యాహ్నం యామినికి గోంగూర పచ్చడి కూడా గిన్నెలో వేసి పంపింది. అంత మంచితనం ఆమెకే వింతగా అనిపించింది.

గురువారం సాయంత్రానికి డ్రెస్సు సిద్ధమైంది. చూడ్డానికి మాత్రం ముచ్చటగా ఉంది. గుండె మీద పసుపుపచ్చ మెరుపు ఎక్కడా వంకర పోకుండా కూర్చుంది. స్తుతి బడి బట్టలు విప్పి పారేసి కాళ్లు దూర్చింది. మోకాళ్ల దాకా బాగానే వచ్చింది. తొడల దగ్గర బిగిసింది. యామిని మోకాళ్ల మీద కూర్చుని ఇటు లాగి, అటు లాగి, చెమటలు కక్కుతూ నడుము దాకా ఎక్కించింది. చేతులు కూడా దూర్చారు. భుజాల దగ్గర ఆగిపోయింది. పైకి రాదు, కిందికి పోదు. పిల్ల చేతులు మోచేతుల దగ్గర వెనక్కి ఇరుక్కుపోయాయి.

“గోతంలో పెట్టి కుట్టినట్టు కుట్టినావు కదమ్మా పాపను” అంది విశ్వాసమ్మ.

స్తుతి ముందు నవ్వింది, తర్వాత భయపడింది, తర్వాత ఏడ్చింది. “ఊపిరాడల్యా పిన్నీ! ఎల్లుండే పిన్నీ నాటకం!”

ప్రసన్న గోడకానుకుని నిలబడింది. ఉన్నమాట చెప్పుకోవాలంటే, ఆ క్షణంలో ఆమె నాలుక మీద ఎవరో చక్కెర పోసినట్టుంది. కూతురు ఏడుస్తోందని తెలుసు. తెలిసినా ఆ తీపి పోలేదు. కాసేపు దాన్ని అట్లే చప్పరించి, అప్పుడు నింపాదిగా వెళ్లి చిన్న కత్తెరతో పక్క కుట్టు విప్పి పిల్లను బయటికి తీసింది.

“ఇడ్సిపెట్టు యామినీ, నేను కుడ్తాలే” అంది, మహారాణిలా.

యామిని విప్పిన డ్రెస్సు ఒళ్లో వేసుకుని కూర్చుంది. కళ్లు తుడుచుకుంటూ, “ఎట్ల తప్పు పోయిందో తెలీదక్కా. కోసేటప్పుడు నీ పక్క చూసినా. నువ్వేమీ అనకపోయేసరికి సరిగ్గానే ఉండాదని ధైర్యంగా కోసినా” అంది.

అందులో దెప్పిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. ప్రసన్న లోపలికి పోయి పొయ్యి మీద లేని అన్నం దించబోయింది.

శుక్రవారం పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి కర్నూలు పోయి, ప్రసన్న తనే గుడ్డ ఎంచింది. ఈసారి పన్నా సరిగ్గా చూసుకుని, నిలువు నిలువుగా, అడ్డం అడ్డంగా పెట్టి కోసింది. యామిని రాసుకున్న కొలతల కాగితం వసారా గూట్లోనే ఉంది. దాని జోలికి పోలేదు. తన కూతురి ఒళ్లు తనకు తెలీదా? తొమ్మిదేళ్లుగా ఉగ్గు పెట్టిన దగ్గర్నుంచి ఆ ఒంటి మీది ప్రతి గుడ్డా తను కుట్టిందే. మధ్యాహ్నం ఒక ముద్ద తిని మళ్లీ కూర్చుని, మూడున్నరకల్లా ముగించింది. యామిని కుట్టిన పసుపుపచ్చ మెరుపును మాత్రం పాత డ్రెస్సు నుంచి జాగ్రత్తగా విప్పి దీనికి వేసింది. అంత చక్కటి మెరుపు తను కూడా కోయలేదు. ఆ మాట పైకి అనలేదు.

నాలుగున్నరకు స్తుతి వచ్చింది. డ్రెస్సు సునాయాసంగా ఎక్కింది. మరీ సునాయాసంగా ఎక్కింది.

చంకల కింద గుడ్డ వేలాడింది. మోకాళ్ల దగ్గర మడతలు పడింది. చేతుల చివర, కాళ్ల చివర రెండేసి అంగుళాలు లోపలికి మడిచి కుట్టి ఉంది. పక్క కుట్ల లోపల కూడా వేలెడు వెడల్పు గుడ్డ వదిలి ఉంది, రేపు విప్పి వదులు చేసుకోవడానికి. ప్రసన్న కావాలని చేసింది కాదు. పిల్లల బట్ట అనగానే ఆమె చెయ్యి అట్లే పోతుంది. ఎదిగే పిల్ల, వచ్చే ఏటికీ సరిపోవాలి. వాళ్లమ్మ ఆమెకు అట్లే కుట్టింది, వాళ్లమ్మమ్మ వాళ్లమ్మకు అట్లే కుట్టింది.

“ఇదీ కుట్టంటే. రెండేండ్లు ఢోకా ల్యా” అంది విశ్వాసమ్మ.

“బాగుండాది మా” అంది స్తుతి.

ప్రతి క్రిస్మసుకూ, ప్రతి పుట్టినరోజుకూ ఆ పిల్ల అదే మాట, అదే గొంతుతో అంటుంది. మంచి పిల్ల. ఎర్ర వస్త్రం మెడకు కట్టుకుని వాకిట్లోకి దిగి ఎగరడం అలవాటు చేసుకోసాగింది. ప్రసన్న గడపలో నిలబడి చూసింది. మెరుపుపిల్ల కుడి చెయ్యి ముందుకు చాపి ఎగురుతోంది. ఎడమ చేత్తో నడుము దగ్గర జారిపోతున్న గుడ్డను గుప్పెట పట్టుకుని ఉంది. నీళ్లట్యాంకు కూలుతుంటే ఒంటిచేత్తో పట్టుకోవాల్సిందే. రెండో చెయ్యి ఖాళీ లేదు.

“స్తుతీ, ఇట్రామే.”

పిల్ల వచ్చింది.

“అడుగుతాండా, నిజం చెప్పు. ఫస్టు నాకాడికి రాకుండా పిన్నికాడికి యాల పోయినావు? నా కుట్టు బాగుండదా?”

స్తుతి తల అడ్డంగా ఊపింది. కాలి బొటనవేలితో నేల గీసింది. “నీ కుట్టు బాగుంటాది మా. కానీ నువ్వు వచ్చే ఏటికి కుడ్తావు కదా” అంది. మళ్లీ, ఎందుకో అమ్మను ఓదారుస్తున్నట్టు, “నాటకం రేపే మా” అంది.

ప్రసన్నకు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఊళ్లో ఆడవాళ్లందరికీ ఒంటికి అతికినట్టు, అరంగుళం తేడా రాకుండా కుట్టిన చెయ్యి. కన్న కూతురు పుట్టిన తర్వాత ఒక్కనాడైనా తన ఒంటికి సరిపోయిన గుడ్డ కట్టుకోలేదు. కొత్తగా ఉన్నప్పుడు వదులు, సరిపోయే నాటికి వెలిసిపోయి ఉంటుంది. ఆ పిల్ల అడిగింది మెరుపును కాదు, ఎర్ర వస్త్రాన్ని కాదు. ఈ శనివారానికి సరిపోయే డ్రెస్సు అడిగింది.

ఆమె మెడలో వేలాడుతున్న టేపు తీసింది. “చేతులు ఎత్తు” అంది.

స్తుతి నమ్మలేనట్టు చూసి రెండు చేతులూ ఎత్తింది. ఛాతీ ఇరవై ఆరు ఉంటుందని ప్రసన్న అంచనా. టేపు ఇరవై మూడు దగ్గర కలిసింది. తప్పు చూశానేమోనని మళ్లీ కొలిచింది. ఇరవై మూడే. వదులు బట్టల లోపల పిల్ల ఇంత సన్నగా ఉందని ఎవరి కంటికీ తెలియలేదు, చూపుతో కొలిచే ఈమె కంటికి కూడా. టేపు పక్కటెముకల మీద తగిలి స్తుతి కిలకిలమంది. ఆ నవ్వు మంగళవారం యామిని కొలిచినప్పుడు నవ్విన నవ్వే.

కుట్లు విప్పింది. పక్కల వదిలిన గుడ్డనంతా కత్తిరించి పారేసింది. అది పారేస్తున్నప్పుడు చెయ్యి ఒకసారి వెనక్కి లాగింది, చెప్పకపోతే తప్పు. కొత్త కొలతకు ఒక పక్క కుట్టి, గుడ్డను లాగి చూస్తే కుట్టు పటుక్కున తెగింది. ఒంటికి బిగిసే గుడ్డకు తిన్నటి కుట్టు ఆగదు, వంకర కుట్టు కావాలి. ఆమె పాత మిషనుకు ఆ విద్య రాదు.

డ్రెస్సు చేతిలో పట్టుకుని ప్రసన్న తోడికోడలి గడప దగ్గర నిలబడింది.

“యామినీ, నీ మిషను రొంత కావల్ల.”

“రా అక్కా, దానికేముంది” అని యామిని స్టూలు లాగింది.

ప్రసన్న కూర్చోలేదు. “మొన్న గుడ్డ అడ్డం పెట్టినావని నేను చూసినా మే. తెలిసే గమ్మునుండినా.”

యామిని చేతిలో దారపుండ ఆగింది. “యాలక్కా?”

“పాప నీకాడికి వచ్చిందని. కండ్లల్లో నిప్పులు పోసుకున్యా.”

యామిని ముఖం ఎర్రబడింది. “నన్నేమన్నా అనింటే పోయేది. పాప చేతులు ఇరుక్కొని ఏడుస్తాంటే కూడా నిలబడి చూసినావు కదక్కా. ఎట్ల చూసినావు?” అంది.

యామిని వంటింట్లోకి పోయింది. గ్లాసు చప్పుడైంది. చాలాసేపటికి తిరిగొచ్చి, ఆమె ముఖం చూడకుండానే మిషనుకు సూది మార్చింది.

“కూచో. ఈ మీట ఇట్ల తిప్పల్ల. కుట్టేటప్పుడు గుడ్డను లాగొద్దు, దానంతట అది పోతాది.”

“ఊఁ” అంది ప్రసన్న.

“లాగొద్దంటి కదా!”

“లాగలేదుమే.”

“లాగినావు. చూడు, ఆడ అలలొచ్చినాయి. విప్పు.”

ప్రసన్న విప్పింది. కత్తెర పట్టడం తను నేర్పిన పిల్ల, ఇప్పుడు తన భుజం మీదుగా వంగి కసురుతోంది. ఒళ్లు మండుతూనే ఉంది, అయినా చెప్పినట్టే కుట్టింది. రెండో కాలు యామిని కుట్టింది. పొద్దు గుంకేలోపు అయిపోయింది.

శనివారం మెరుపుపిల్ల రెండు చేతులతో నీళ్లట్యాంకు పట్టుకుంది. అట్ట ట్యాంకు ఒక పక్క నిజంగానే ఒరిగితే నాటకంలో లేని ఎగురు ఒకటి ఎగిరి మరీ ఆపింది. డ్రెస్సు ఆమెతోపాటే ఎగిరింది, ఆమెతోపాటే దిగింది, ఎక్కడా జారలేదు. బడి ఆవరణంతా చప్పట్లు. స్టేజీ దిగి పరిగెత్తుకొచ్చి స్తుతి ముందుగా వాటేసుకున్నది యామిని నడుమునే. ప్రసన్నకు మండింది. మండలేదంటే దేవుడు కూడా ఒప్పుకోడు. కాకపోతే ఈసారి పిల్ల పిన్ని నడుము వదలకుండానే ఒక చెయ్యి చాపి అమ్మ కొంగు పట్టుకుని లాగింది.

ఆదివారం పొద్దున చర్చికి బయల్దేరారు. స్తుతి తనే తయారై, గులాబీరంగు గౌనుతో వచ్చి వీపు తిప్పి నిలబడింది. పోయిన క్రిస్మసుకు ప్రసన్న కుట్టిన గౌను, మెడ వెనక హుక్కు పిల్లకు అందదు. ప్రసన్న హుక్కు పట్టుకోబోయి ఆగింది. గౌను మెడలోంచి నీలం అంచు తొంగిచూస్తోంది.

గౌను వెనక వేలు పెట్టి చూసింది. లోపల మొత్తం డ్రెస్సు ఉంది. కాళ్లు మోకాళ్ల పైకి, చేతులు మోచేతుల పైకి చుట్టుకుని తొడుక్కుంది. అయినా బయటికి ఏమీ తెలియలేదు. ఎక్కడా ఉబ్బలేదు, ఎక్కడా బిగవలేదు. అంత వదులు గౌను అది. మెరుపుపిల్ల అందులో మొత్తంగా దాక్కున్నా ఇంకా చోటు మిగిలింది.

స్తుతి ఊపిరి బిగబట్టి, తిట్టు కోసం కాచుకుని ఉంది.

“ఏం చేస్తాండారు లోపల? గంట కొట్టినారు!” అని విశ్వాసమ్మ వసారాలోంచి కేకేసింది.

ప్రసన్న నీలం అంచును లోపలికి తోసి హుక్కు పెట్టింది. గౌను నడుము దగ్గర గుడ్డను రెండు వైపులా వేళ్లతో పట్టి, ఎంత మిగులుందో చూసింది.

“రేపు ఇది విప్పి ఇయ్యి. నడుం కాడ పట్టిస్తా” అంది.

స్తుతి తల మాత్రం వెనక్కి తిప్పింది. “మళ్ల వచ్చే ఏటికి పట్టదేమో మా?”

“వచ్చే ఏటికి వచ్చే ఏడు కుడ్దాంలే. నడువు.”